కంచెపల్లి మంద హాలియాకు పోయిన ఏడు

నేను స్విట్జర్లాండు చూడలేదు. ఆ మాట ముందే చెప్పేస్తే నాకూ మీకూ మంచిది. హైదరాబాదులో ఒక కాలేజీలో అర్థశాస్త్రం చెప్పుకునేవాణ్ని. గ్రంథాలయంలో ఫ్యాను కింద కూర్చుని, ఆ దేశం మీద దొరికిన నాలుగు పుస్తకాలు చదివి, ఒక వారపత్రికకు వ్యాసం రాశాను. బొగ్గు లేదు, సముద్రం లేదు, సగం నేల కొండలే. అయినా ఆ చిన్న దేశం ఎట్లా బాగుపడింది, బాగుపడి ఎట్లా నిలిచింది అని. జవాబూ నేనే చెప్పాను. లేనిదాని కోసం ఏడవలేదు, ఉన్నదాన్ని మంచి ధర పలికే చోటికి తీసుకుపోయింది, దేశమంతా ఒక్క ఇల్లుగా నిలబడింది. పేద నేలలన్నిటికీ ఇదే దారి అని చివర ఒక వాక్యం గట్టిగా తగిలించాను. వాక్యం బాగుందని స్టాఫ్ రూములో ఇద్దరు మెచ్చుకున్నారు.

సాగర్ కాలువకు నీళ్లు వదిలిన మరుసటి ఏడు, మాఘమాసంలో, పత్రికవాళ్లు తమకు వచ్చిన ఒక కార్డు నాకు పంపారు. దేవరకొండకు రెండు కోసుల దూరాన ఉన్న కంచెపల్లి బడిపంతులు రామచంద్రం రాసిన కార్డు. "మీ వ్యాసం మా ఊళ్లో మూడుసార్లు చదివి వినిపించాను. మా దగ్గరా ఏమీ లేదు, గొర్రెలు తప్ప. మీరు చెప్పినట్టే చేశాం. వచ్చి చూడండి" అని ఉంది. నేను రాసింది ఎవరైనా చేశారని వినడం అదే మొదలు. ఉబ్బిపోయాను. నాలుగు రోజులు సెలవు పెట్టి బుధవారం బయలుదేరాను.

గౌలిగూడలో ఆరూ ఇరవైకి దేవరకొండ బస్సు. టికెట్టు రెండు రూపాయల పైచిలుకు. ఈ దారిన పోదలచినవారు కుడివైపు కూర్చోండి. పొద్దునపూట ఎండంతా ఎడమ కిటికీల మీదే పడుతుంది. ఇబ్రహీంపట్నంలో చాయ్ ఆపారు. చాయ్ బాగుంది, ఉప్మా జోలికి పోకండి. మాల్ ఊరు దాటాక నేల రంగు మారింది. జొన్న కొయ్యకాళ్లు, వాటి మధ్య ఏనుగంతేసి బండరాళ్లు, సీతాఫలం పొదలు. రెండేళ్లుగా వాన సరిగా లేదని చూస్తేనే తెలుస్తోంది.

నా పక్కన మహబూబ్‌నగర్ జిల్లా మేస్త్రీ ఒకాయన కూర్చున్నాడు. పదేళ్లపాటు సాగర్ డ్యాం మీద రాయి మోయించాడట. మీ ఊరికి నీళ్లు వచ్చాయా అని అడిగాను. నా తెలివికి నవ్వాడు.

"మేం మీదున్నం సారూ, నీళ్లు కిందున్నయి. కట్టినోళ్లం మేము, పారేది వాళ్లకు. ఇగ ఇంకో డ్యాం ఎక్కడ కడుతుండ్రో ఎతుక్కుంట పోతున్న" అన్నాడు.

పదకొండింటికి దేవరకొండ. గుట్టమీద పాత కోట కనిపిస్తుంది. చూడాలనుకున్నవారు నీళ్లు వెంట తీసుకుపోవాలి. బస్సు దగ్గరికి రామచంద్రం వచ్చాడు. ముప్పై ఏళ్లుండవు. నన్ను చూసి చేతులు జోడించిన తీరు చూస్తే పెళ్లికొడుకు వచ్చాడనుకుంటారు. ఎండలో రెండు కోసులూ నడిచాం. దారిపొడుగునా ఆయన చెబుతూనే ఉన్నాడు.

కంచెపల్లిలో కురుమల ఇళ్లు పన్నెండు. ఎవరి గొర్రెలు వాళ్లవి, ఎవరి మేత కంచె వాళ్లది. వ్యాసం విన్నాక మొట్టమొదటిసారి పన్నెండు ఇళ్ల గొర్రెలనూ ఒకే మందగా కలిపారు. రెండు వందలకు పైగా అయ్యాయి. కాలువ కింద కొత్తగా వరి పండిస్తున్న హాలియా వైపు, కోతలయ్యాక, ఆ మందను తోలారు. గొర్రెలు రాత్రిపూట ఎవరి మడిలో పడుకుంటే ఆ మడికి ఎరువు. దాన్నే మంద కట్టడం అంటారు. ఊళ్లో మంద కడితే రైతు గుప్పెడు జొన్నలు కొలిచేవాడు. హాలియాలో బస్తాల్లో వడ్లు ఇస్తారు. ఆ వడ్లు పెట్టి వడ్డెరలను పిలిపించి సగంలో ఆగిన ఊరి బావి లోతుకు తవ్వించాలని నిర్ణయం.

బావి చూపించాడు. నాలుగు నిలువుల లోతు పోయి బండ తగిలి ఆగిపోయింది. అడుగున తడి కూడా లేదు.

"ఇంకో రెండు నిలువులు పోతే జల పడుతదని చెప్పిండ్రు సారూ. జల పడితే ఇరవై ఎకరాలు పారుతది. మేత మాకే ఉంటది. ఇగ ఎవ్వరూ ఎక్కడికి పోయే పని లేదు" అన్నాడు రామచంద్రం.

నేను తల ఊపాను. కాలేజీలో బల్ల మీద ఎక్కి నిలబడినంత సంతోషంగా ఉంది. సంతోషంలో ఒక సంగతి గమనించలేదు: ఆ ఊళ్లో ఎవరూ సంతోషంగా లేరు.

ఎందుకో మల్లవ్వ చెప్పింది. పన్నెండు ఇళ్లకూ ఆవిడ మాటే మాట. అరవై దాటి ఉంటాయి. నల్ల గొంగడి భుజాన, చేతిలో కర్ర. ఆవిడ కొడుకు బీరయ్యే మందకు పెద్ద. వెంట ఇంకో ఇద్దరు మగవాళ్లు పోయారు. మొదట్లో రెండు బస్తాల వడ్లు ఎడ్లబండి మీద వచ్చాయి. తర్వాత మూడు వారాలుగా కబురు లేదు.

"ఉన్ని కత్తిరిచ్చే పదునొచ్చింది. అయితారం కల్లా మందను తోలుకొస్తనని ఊరోళ్లకు చెప్పిన. రేపు నేను పోతున్న. సదువుకున్నోనివి, నువ్వు సుత రా సారూ. గా బస్సులు నాకు ఎర్క లేదు" అంది. రాత్రికి బడిగదిలో పడక. జొన్నరొట్టె, పుంటికూర పెట్టారు, చాలా బాగున్నాయి.

గురువారం ఏడింటికి బయలుదేరి దేవరకొండ, అక్కడి నుంచి మల్లేపల్లి. అక్కడ హాలియా బస్సు కోసం గంటన్నర నిలబడ్డాం. బస్సెక్కాక మల్లవ్వ కిటికీ పక్కన కూర్చుని బయట గడ్డి చూస్తూ నాకు పాఠం చెప్పింది. ఇది చెంగలి, ఇది తింటే పాలు దిగుతాయి. అది పూత మీదున్నప్పుడు తింటే కడుపుబ్బుతుంది. ఆ పొద ఆకు దగ్గుకు పెట్టాలి. నేను ముప్పై మంది పిల్లలకు ఏడాదంతా చెప్పేది అంత లేదు. కాలువ నీళ్ల ఊళ్లు మొదలయ్యాక నేల ఒక్కసారిగా పచ్చబడింది. గట్ల మీద, కాలువల పక్కన మోకాలెత్తు లేత గడ్డి. ఆవిడ పాఠం ఆపి కిటికీలోంచి వంగింది. చాలాసేపు చూసి అడిగింది.

"గా గడ్డి పేరేంది సారూ?"

నాకు తెలియదన్నాను. ఆవిడకూ తెలియదు. అప్పుడు దాన్ని నేను పెద్ద విషయంగా తీసుకోలేదు.

రెండింటికి హాలియా. బస్సు దిగిన చోట హోటలు ఉంది. పప్పు, పచ్చడి, కావలసినంత అన్నం. మల్లవ్వ తెల్లన్నం ముట్టుకుని, "ఇంత తెల్లగుంటదా" అని నెమ్మదిగా తిన్నది. ఊరికి బాగా కలిసొచ్చినట్టు కనిపిస్తుంది. కొత్త రైసుమిల్లు, ఎరువుల దుకాణం, ఇంకా సున్నం ఆరని ఇళ్లు. కోస్తా నుంచి వచ్చి పొలాలు కొన్నవాళ్లు చాలామంది ఉన్నారు. నల్లగొర్రెల మంద ఎక్కడ అని అడిగితే మిల్లు దగ్గర ఒకతను కాలువవైపు చెయ్యి చూపించాడు.

మైలున్నర నడిచాం. ముందు గొర్రెలు కనిపించలేదు. తుమ్మకొమ్మలకు వేలాడేసిన తోళ్లు కనిపించాయి. ఒకటి, రెండు కాదు. మల్లవ్వ వాటి ముందు ఆగి, ఒక్కొక్క తోలునూ ముట్టుకుంటూ పోయింది. "ఇది సాయమ్మది. ఇది మాది. ఇది గుండయ్యోళ్ల పొట్టేలు" అంటోంది. పెద్దగా ఏడవలేదు.

మంద గట్టు కింద ఉంది. సగం కూడా లేదు. ఉన్నవాటికి గదమ కింద నీరు దిగి, చిన్న తిత్తి కట్టినట్టు వేలాడుతోంది. ఎదురుగా అంత గడ్డి ఉన్నా మేయడం లేదు, తలలు దించుకుని నిలబడ్డాయి. బీరయ్య మమ్మల్ని చూసి లేచాడు గానీ దగ్గరికి రాలేదు.

"ఎందుకు కబురు చెయ్యలేదురా?" అంది తల్లి.

"ఏమని చెయ్యాలె అవ్వా? దినాం రెండు, మూడు పోతున్నయి. రేపు ఆగుతదేమో, రేపు ఆగుతదేమో అనుకున్న. బీరప్పకు మొక్కిన. మంత్రం పెట్టిచ్చిన. ఆగలే."

"ఏం మేపినవు?"

"గిదే గడ్డి. మస్తు గడ్డి అవ్వా! మన గొర్లు పుట్టినకాన్నుంచి గింత గడ్డి సూడలే. తెల్లారక ముందే ఇడిసిన, మంచు మీదనే మేసినయి, కడుపునిండ. మొదట్ల మస్తు బలిసినయి గూడ."

వాన తెలియని నేల మీద పుట్టిన కాపరికి ఒకటే నియమం: పచ్చ కనబడితే ముందు గొర్రెను వదలాలి. తాతల నాటి నుంచి అది వాళ్లను బతికించిన నియమం. బీరయ్య తప్పు చేశాడనడానికి నాకు నోరు రాలేదు. తిండి దొరికిన చోట తినిపించాడు, అంతే.

మందను మడిలో కట్టించుకున్న రైతు వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, మర్యాదస్తుడు. ఇస్తానన్న వడ్లలో గింజ తగ్గించలేదని బీరయ్యే చెప్పాడు. ఈ జబ్బు సంగతి ఏమైనా తెలుసా అని నేను అడిగాను. కాసేపు గట్టు మీది మట్టి చెప్పుతో గీశాడు.

"మా వైపు మాగాణి ఊళ్లల్లో ఉంటుందండీ ఇది. పొద్దు బాగా ఎక్కి తడారిందాకా కాలవ గట్టున గొర్రెను వదలరు. వీళ్లకు తెలుసనుకున్నాను. వాళ్లూ అడగలేదు, నేనూ చెప్పలేదు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. తిట్టడానికి నోరు తెరిచాను. చూడని దేశం గురించి ఒక ఊరంతటికీ దారి చెప్పిన నేను ఈయన్ని ఏమని తిట్టాలి?

హాలియాలో సత్రం లేదు. రైసుమిల్లు వరండాలో పడుకోనిచ్చారు. దోమలు విపరీతం, దుప్పటి తప్పకుండా తెచ్చుకోవాలి.

శుక్రవారం ఎనిమిదింటికి పశువుల కాంపౌండర్ను వెతికి పట్టుకుని తెచ్చాను. మనిషిది నల్లగొండే. వచ్చి, అప్పుడే చచ్చిన ఒక గొర్రెను కోయించి, కార్జం బయటికి తీయించాడు. కత్తి పెట్టి చీలిస్తే లోపల నుంచి చిన్న వేపాకుల్లాంటి పురుగులు, ఒకటి వెనక ఒకటి, కదులుతూ వచ్చాయి. బీరయ్య మొహం తిప్పుకున్నాడు. మల్లవ్వ వంగి దగ్గరగా చూసింది.

"కార్జపు జలగలు. నీళ్ల ఒడ్డున నత్తలుంటయి, గా నత్తల నుంచి పురుగు తడిగడ్డికి ఎక్కుతది. గొర్రె కడుపుల పడి కార్జం తింటది. నీళ్లెరిగిన గొర్రె అయినా జర తట్టుకుంటదేమో. మీవి మెట్ట గొర్లు" అన్నాడు కాంపౌండర్.

"మందు లేదా?" అని అడిగాను.

"ఉన్నది. నల్లగొండ నుంచి రావాలె. గదమ కింద నీరు దిగినంక మందేసినా బతికేవి కొన్నే."

"పైకి మంచిగున్నవి?" అంది మల్లవ్వ.

"పైకే మంచిగున్నయి అవ్వా. అన్నీ ఒక్క గడ్డే మేసినయి."

"అయితే నడిపిచ్చుకుంట ఇంటికి తోల్కపోతం. సచ్చేటివి తొవ్వల సస్తయి, మిగిలినయి మిగులుతయి" అన్నాడు బీరయ్య.

కాంపౌండర్ మల్లవ్వ వైపు తిరిగాడు. "మీ ఊర్ల కుంట ఉందా? అండ్ల నత్తలుంటయా?"

"ఒక్కటే కుంట. వానకాలం ఉంటయి."

"వీటి పెంటల గా పురుగు గుడ్లుంటయి. పెంట కుంటల కలిస్తే, నత్తలకు పడుతది. ఇగ మీ ఊర్ల ఎప్పుడు ఏ గొర్రె పుట్టినా, మేక పుట్టినా ఇదే గతి. నేను చెప్పాల్సింది చెప్పిన, మీ ఇష్టం."

ఆవిడ గట్టు మీద కూర్చుంది. కర్ర పక్కన పెట్టుకుని, గొంగడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేం ముగ్గురం నిలబడే ఉన్నాం. తోలుకుపోతే పన్నెండు ఇళ్లకు ఈ ఏడు కొంత దక్కుతుంది. పదో ఇరవయ్యో గొర్రెలు, కొంత ఉన్ని, ఊరి ముందు కాస్త మొహం. తోలుకుపోకపోతే ఏమీ లేదు, బావి కూడా లేదు. కానీ కుంట దక్కుతుంది. నా పుస్తకాల్లో ఇట్లాంటి లెక్క ఎక్కడా లేదు. ఉన్నా చెప్పే ధైర్యం నాకు లేదు.

కర్ర అందుకుని లేచి కొడుకుతో అంది. "కుంట ఖరాబయితే మనమళ్లు మనల తిడుతరు. ఒక్క గొర్రె మన పొలిమేర తొక్కొద్దు. కటికోళ్లను పిలువు."

"అవ్వా, ఊరోళ్లకు ఏం చెప్పాలె? మనయి ఒక్కటే గావు, పన్నెండిండ్లయి!"

"పన్నెండిండ్లయి కాబట్టే చెప్తున్న" అంది.

పాలు తాగే పిల్లలు, ఇంకా గడ్డి కొరకనివి, ఏడు ఉన్నాయి. వాటిని మాత్రం పక్కకు తీయమంది. ఇంటి దగ్గర మేకలున్నాయి, మేకపాలు తాపి బతికిస్తానంది. శనివారం మిర్యాలగూడ నుంచి కటికవాళ్లు వచ్చారు. బేరమేమీ జరగలేదు, వాళ్లు ఎంత ఇస్తే అంత. తీసుకుపోయేటప్పుడు కొన్ని గొర్రెలు నడవలేక కూలబడితే లారీలోకి మోసుకెళ్లారు. మల్లవ్వ మొదటి నుంచి చివరిదాకా నిలబడి చూసింది. నేను ఉండలేక కాలువ గట్టెక్కి అటు తిరిగి నిలబడ్డాను. నీళ్లు నిండుగా పారుతున్నాయి. సిగ్గుతో చెబుతున్నాను, ఆ నీళ్లు ఎంతో అందంగా ఉన్నాయి.

బీరయ్య ఊరికి రానన్నాడు. కాలువ తవ్వకాల్లో మట్టిపని దొరుకుతుందట. మిగతా ఇద్దరూ అతనితోనే ఉండిపోయారు. "ఏ మొకం పెట్టుకొని రావాలె" అని ఒకటే మాట. తల్లి బలవంతం చేయలేదు.

ఆదివారం తొమ్మిదిన్నర హైదరాబాదు బస్సుకు మల్లవ్వా నేనూ ఎక్కాం. ఏడు పిల్లలూ రెండు గంపల్లో, పైన గొంగడి. కండక్టరు సామాను టికెట్టు అడిగి, గొంగడి ఎత్తి చూసి, ఏమనుకున్నాడో వదిలేశాడు. పచ్చటి ఊళ్లు ఒక్కొక్కటే వెనక్కి పోయి, మళ్లీ రాళ్లు మొదలయ్యాయి. నేను లోలోపల ఎన్నో వాక్యాలు కూర్చుకుంటున్నాను, అలవాటు ఎక్కడికి పోతుంది. పేద నేలకు ఉన్న ఆస్తి గొర్రెలూ కాదు, ఉన్నీ కాదు. ఏ గడ్డి ఎప్పుడు మేపాలో తెలిసిన ఆ ఎరుక ఒక్కటే. అది ఆ నేల మీదే చెల్లుతుంది. మంచి ధర పలికే చోటికి పొమ్మని నేను చెప్పాను. ఆ చోట ఏం తెలిసి ఉండాలో చెప్పలేదు, ఎందుకంటే నాకు తెలియదు. ఒక్క ఇల్లుగా నిలబడమన్నాను. నిలబడ్డారు, కాబట్టి దెబ్బ పన్నెండు ఇళ్లకూ ఒకేసారి తగిలింది. తప్పు నాది. శిక్ష మాత్రం నాకు పడలేదు.

మల్లేపల్లి దగ్గరపడుతుండగా మల్లవ్వ కిటికీలోంచి రోడ్డు చూస్తూ అంది.

"ఇయ్యాల మంద వచ్చే రోజని ఊరంత మల్లేపల్లి రోడ్డు మీదికి వచ్చి ఉంటరు సారూ."

ఎందుకని అడిగాను.

"గొర్లు కలిసి పోయినయి గద. ఎవలయి ఎవలకు ఎట్ల పంచాలె? ఇంటికో పిలుపు ఉంటది మాకు. మంద రాంగనే ఆడోళ్లందరు ఎవల పిలుపు వాళ్లు పిలుస్తరు. ఎవల గొర్రె వాళ్ల కాడికే ఉరుకుతది. ఒక్కటి తప్పిపోదు. లెక్కా లేదు, కొట్లాటా లేదు."

మల్లేపల్లిలో బస్సు ఆగింది. వాళ్లున్నారు. ముప్పై, నలభై మంది, ఆడవాళ్లు ముందు, చేతుల్లో పసుపు, వేపాకులు. రామచంద్రం కూడా ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. మల్లవ్వ గంపలు దించమంది. నేను కిటికీలోంచి అందించాను. మంద నడిచే వస్తుంది గనక, ఆవిడ ముందు బస్సులో వచ్చిందనుకున్నారేమో, ఒక్కరూ ఆవిడ మొహం చూడలేదు. అందరి చూపూ బస్సు వెనకాల లేచిన దుమ్ము మీదే. దుమ్ములో ఏం కనిపించిందో ఒకావిడ రెండు చేతులూ నోటికి ఆనించి పిలిచింది. ఆ వెంటనే ఇంకొకావిడ, ఇంకొకావిడ. ఒక పిలుపు దీర్ఘంగా, ఒకటి ముక్కలు ముక్కలుగా, ఒకటి ఈల వేసినట్టు. మల్లవ్వ గంపల పక్కన కదలకుండా నిలబడింది. గొంగడి కింద పిల్లలు ఏడూ హాలియాలో పుట్టినవి. ఏ పిలుపుకూ తల ఎత్తలేదు.

నేను దిగవలసింది. టికెట్టు హైదరాబాదు దాకా ఉందని నాకు నేను చెప్పుకున్నాను. కండక్టరు గంట కొట్టాడు. బస్సు మలుపు తిరిగేదాకా వాళ్లు పిలుస్తూనే ఉన్నారు.